చెరుకులో కోసిన బాట

మా అవ్వ ఒక సినిమాలో ఉంది. మా ఇంట్లో అవ్వ అంటే అమ్మే. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ మీద పట్నం నుంచి వచ్చినవాళ్ళు తీసిన డాక్యుమెంటరీ అది. అందులో మా అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, పొగరాని పొగగొట్టం వైపు దిగులుగా చూస్తూ ఉంటుంది. వెనక ఫ్లూటు మోగుతుంది. కళ్ళు మూసి తెరిచేలోగా అవ్వ పోయి తుప్పుపట్టిన చక్రం ఒకటి వస్తుంది. నిజం చెప్పాలంటే ఆమె చూసింది పొగగొట్టం వైపు కాదు. ఆ పక్కనే మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, వాటి మీదికి మేక వస్తుందేమోనని కనిపెట్టుకుని కూర్చుంది.

ఆ రోజు వాళ్ళకు చాయ్ పోసింది, మక్క గారెలు పెట్టింది, పొద్దంతా మాట్లాడింది. సినిమా వచ్చాక నా ఫోన్లో చూపిస్తే చివరిదాకా ఓపిగ్గా చూసి, “నా మాటలేవి?” అని అడిగింది. మాటలు తీసుకోలేదవ్వా, మొహం తీసుకున్నారు అన్నాను. “గీ ముసలి మొకం ఏం జేసుకుంటరు వాళ్ళు” అని లేచిపోయింది. ఆమెకు అంతటితో అయిపోయింది. నాకు కాలేదు. వారం పాటు ఎక్కడ ఫ్లూటు వినిపించినా ఒళ్ళు మండేది.

నాకు నిజామాబాద్‌లో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, బాప్తిస్మాలు, గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్ళ గృహప్రవేశాలు, ఏవి దొరికితే అవి తీస్తాను. కమ్మర్‌పల్లి, వేల్పూర్ దాకా కెమెరా సంచీ మోసుకుని షేరింగ్ ఆటోల్లో పోతాను. మొదట్లో పెళ్ళివాళ్ళు నన్ను చూసి, మీ సార్ ఎప్పుడొస్తడమ్మా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు అడగరు. అడిగినవాళ్ళ పొట్టలు నా ఆల్బంలో ఎట్లా పడతాయో జిల్లాలో అందరికీ తెలిసిపోయింది.

నేను పుట్టి పెరిగింది బోధన్ పక్కన చెరుకు కూలీల లైన్లలో. లైన్లంటే ఒకే గోడ పంచుకున్న గదుల వరుస. ఒక ఇంట్లో తాళింపు వేస్తే అయిదో ఇంట్లో తుమ్మేవాళ్ళు. ఆ ఫ్యాక్టరీ గురించి ఎవరు ఏం రాసినా, ఏం తీసినా, అందులో యంత్రాలుంటాయి, అధికారుల బంగళాలుంటాయి, జెండా పట్టుకున్న మగవాళ్ళుంటారు. చెరుకు మాత్రం దానంతట అదే మడిలోంచి లేచి, ఆకు దులుపుకుని, నడిచి వచ్చి మిల్లులో పడ్డట్టు ఉంటుంది. కోసిన ఆడవాళ్ళు ఎక్కడా కనపడరు. కనపడితే మా అవ్వలా గోడకు ఆనుకుని కనపడతారు.

లైన్ల వెనక ఒక పటేలు భూమి, ఆ భూమి దాటితే మా సమాధుల తోట. మావి క్రైస్తవ కుటుంబాలు. మా బాపు అక్కడే ఉన్నాడు, మా మేనత్త అక్కడే ఉంది. వాళ్ళిద్దరి మధ్య మా అవ్వ తనకోసం జాగా ఉంచుకుంది. చావు గురించి మాట్లాడితే నేను విసుక్కుంటానని తెలిసి కూడా, ఆ జాగా గురించి మాత్రం సొంత ఇంటి గురించి చెప్పినట్టు చెప్పేది. లైన్ల నుంచి అక్కడికి పటేలు భూమి నడుమనుంచి ఒక కాలిబాట ఉంది. శవపెట్టెను మోసే నలుగురు పక్కపక్కన పట్టేంత వెడల్పు, అంతకన్నా జానెడు ఎక్కువ లేదు.

ఫ్యాక్టరీ ఆగాక చెరుకు పోయింది. ఆ భూమిలో కొన్నాళ్ళు వరి వేశారు, తర్వాత పటేలు మనవలు అమ్మేశారు. కొన్నవాళ్ళు వెంచర్ వేశారు. రంగు జెండాలు పాతారు, తెల్లరాళ్ళు పాతారు, చుట్టూ సిమెంటు గోడ మొదలుపెట్టారు. గోడ మా బాట రెండు పక్కలా వచ్చి ఆగింది. మిగిలిన సందు కూడా మూసేయడానికి ఇటుకలు తెచ్చి సరిగ్గా బాట మీదనే దింపారు.

ఆ సాయంత్రం ఊరికి పోయేసరికి మా అవ్వ ఇటుకల కుప్ప ముందు నిలబడి ఉంది. నన్ను చూసి ఏ ఉపోద్ఘాతం లేకుండా, “గోడ కడితే నన్నెట్ల తీస్కపోతరే?” అని అడిగింది. నాకు ఏడుపొచ్చినా కోపమే ముందు వస్తుంది, పుట్టుకతో వచ్చిన గుణం. వెంచర్ ఆఫీసు రేకుల షెడ్డులోకి పోయి గొడవపడ్డాను. మేనేజరు మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు, నీళ్ళు తెప్పించాడు. లేఅవుట్ నక్షలో బాట లేదన్నాడు. ఎన్నడూ లేదన్నాడు. మరి మేమెట్లా నడుస్తున్నాం అంటే, ఖాళీ జాగా కదా మేడమ్, ఎవరైనా నడుస్తారు అన్నాడు. కావాలంటే ఎవరైనా పోయినప్పుడు చెప్పండి, రోడ్డు చుట్టూ తిప్పి తీసుకుపోవడానికి వ్యాను మేమే పంపుతాం అని కూడా అన్నాడు. అతని దృష్టిలో అది దయ.

మా చర్చి పెద్దలకు ఆ వ్యాను మాట నచ్చింది. కాళ్ళకు బురద అంటకుండా పోవచ్చు కదా అన్నారు. మా అవ్వ ఒక్కతే తల అడ్డంగా ఊపింది. ఆ బాట ఎన్నడూ లేదన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. అప్పుడు నిర్ణయించుకున్నాను, బాట కథ నేను తీస్తానని. ఫ్లూటు లేకుండా.

ఆ కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మా లైన్లలో అందరికీ అంతే. మొత్తం తెలిసినవాళ్ళు ఇప్పుడు నలుగురైదుగురు ముసలవ్వలు మాత్రమే మిగిలారు. అందరూ బీడీలు చుట్టే చేతులవాళ్ళే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళను చర్చి వరండాలో కూర్చోబెట్టాను. వెలుతురు బాగుంది. అందరూ పెట్టెల్లోంచి తీసిన పట్టుచీరలు కట్టుకొచ్చారు. కెమెరా అంటే పెళ్ళి అనే వాళ్ళకు తెలుసు. సరే అనుకుని మొదటి అవ్వ చేతికి మైకు ఇచ్చాను. అక్కడే చెడింది.

మా వాళ్ళ చేతికి మైకు వచ్చేది ఒకే ఒక్క సందర్భంలో, చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు. మైకు చేతిలో పడగానే ఆమె లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, కూడివచ్చిన వాళ్ళందరికీ ప్రభువు పేరిట వందనాలు చెప్పింది. జ్వరమొచ్చి తగ్గిన సంగతి, మనవడికి దుబాయి వీసా వచ్చిన సంగతి చెప్పింది. చెరుకు సంగతి చెప్పవ్వా అంటే, చెరుకు కాలంలో కూడా దేవుడు చల్లగా చూశాడు, ఏ లోటూ లేదు అని కూర్చుంది. రెండో ఆమె కూడా అంతే. మా అవ్వ వంతు వచ్చింది. నన్ను తిట్టే నోరు, పక్కింటి కోడిని కూడా వదలని నోరు, మైకు చూడగానే వందనాలు చెప్పి ఒక పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు చప్పట్లు కలిపారు. సాక్ష్యంలో కష్టం చెప్పినా కృతజ్ఞతతోనే ముగించాలి, అది పద్ధతి. ఎవరి మీదా ఫిర్యాదు ఉండకూడదు. ఆ పొద్దంతా నేను తీసింది ఒక చక్కని ఆరాధన.

స్టూడియోలో అది చూసుకుని నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. మరుసటి వారం మైకు దాచిపెట్టాను. మాట పట్టే చిన్న బిళ్ళను మా అవ్వ జాకెట్టుకు పెట్టి, పైన కొంగు కప్పి, కూర్చోవద్దు, బాట మీద నడుస్తూ చెప్పు అన్నాను. మిగతా అవ్వలు వెనక నడిచారు. అయిదడుగులు వేశారో లేదో మా అవ్వ నోరు ఎప్పటిలా తెరుచుకుంది.

మా మేనత్త జ్వరంతో పోయిన ఏడాది అది. మా అవ్వకు పెళ్ళయి ఎక్కువ రోజులు కాలేదు. కొత్త కోడలికి చెరుకు కోయడం నేర్పింది, మోపుకు ముడి వేయడం నేర్పింది మా మేనత్తే. ఆ ఏడాదే పటేలు బాటను దున్ని చెరుకు నాటించాడు. అడిగితే కోతలయ్యాక చూద్దాం అన్నాడు. చావు కోతల దాకా ఆగలేదు. పెట్టె సిద్ధమయ్యేసరికి బాట ఉన్నచోట నిలువెత్తు చెరుకు. చుట్టూ తిరిగి పోదామంటే కాలువ నీళ్ళు వదిలిన రోజులు, దారికి అడ్డంగా ఉన్న నాలా నడుము లోతు పారుతోంది. మగవాళ్ళు పెట్టె దించి ఆలోచనలో పడ్డారు. తప్పు పట్టను. వాళ్ళలో సగం మందికి ఫ్యాక్టరీలో పని, పటేలు ఒక మాట చెబితే ఆ పని ఉండదు.

“మొగోళ్ళు మొకమొకాలు సూసుకుంటున్నరు,” అంది మా అవ్వ, నడుస్తూనే. “మేం ఇంట్లకు పోయి కత్తులు తెచ్చుకున్నం. మాకు ఇంకేమొస్తది? చెరుకు కోసుడొస్తది. మేం ముందట కోసుకుంట పోయినం, ఎన్క పెట్టె వచ్చింది.”

ఆడవాళ్ళు రెండు వరుసలుగా విడిపోయి, మోకాళ్ళ మీద వంగి, ఎప్పుడూ కూలికి కోసినట్టే మట్టంగా కోశారట. ఏడుస్తూనే కోశారు. మొద్దు మిగిలితే మోసేవాళ్ళ కాళ్ళకు తగులుతుందని నేలకు ఆనించి కోశారు. అట్లా ఆ తోట దాకా బాట తెగింది. మా మేనత్తను పూడ్చి, పాట పాడి, మట్టి వేసి తిరిగి వచ్చారు.

ఇక్కడిదాకా నాకు తెలుసు. తర్వాతది తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు బాటకు రెండు పక్కలా కోసిన చెరుకు ఎక్కడిదక్కడ పడి ఉంది. ఒకామె ఆగింది. వంగి ఒక గడ తీసి ఆకు దూసింది. ఇంకొకామె కొనలు కొట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెరుకు నేల మీద పడి ఉంటే ఆ చేతులు ఊరుకోలేవు. పచ్చి ఆకునే మెలిపెట్టి కట్లు కట్టి, బాట పొడుగునా తెగిన చెరుకంతా మోపులు చేసి, గట్టు మీద వరుసగా పేర్చి, అప్పుడు ఇళ్ళకు పోయి స్నానాలు చేశారు.

నేను కెమెరా వెనకనుంచి నోరు జారాను. వాడి చెరుకు వాడికే మోపులు కట్టి పెట్టారా, బుద్ధుందా మీకు అన్నాను. మా అవ్వ ఆగి నా వైపు తిరిగింది. “పంట ఏం పాపం జేసిందే?” అంది.

ఆ మోపులే వాళ్ళను పట్టించాయి. మామూలు రోజుల్లో ఎవరి మోపు ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ముడి వేసేవాళ్ళు. ముడి చూసి మేస్త్రీ కూలి లెక్క కట్టేవాడు. మా అవ్వది పుర్రచేయి వాటం, ఆమె ముడి ఎడమకు తిరుగుతుంది. తెల్లారి మేస్త్రీ గట్టు మీది మోపులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, పటేలు ముందు అందరి పేర్లూ చెప్పేశాడు. కోపంతో కోసి, చీకటి పడేలోగా తమ సంతకాలు తామే పెట్టి వచ్చినట్టయింది. ఆ వారం నుంచి చుట్టుపక్కల ఏ చెరుకు మడిలోనూ వాళ్ళకు పని లేదు. మా లైన్లలోకి తునికాకు, బీడీల చాటలు వచ్చింది అప్పుడే. నేను పుట్టేనాటికి మా ఇంట్లో పొగాకు వాసన ఉంది. అదెందుకు ఉందో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. మోపులు మాత్రం మిగతా చెరుకుతో పాటే మిల్లుకు పోయాయి. మా మేనత్త బాటలోని చెరుకు కూడా చక్కెరయింది, ఎవరి చాయ్‌లో కరిగిందో.

బాట మాత్రం పోలేదు. పటేలు మళ్ళీ దున్నితే వీళ్ళు మళ్ళీ తొక్కారు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, చావు ఉన్నా లేకున్నా, ఒకరి వెనక ఒకరు ఆ తోట దాకా నడిచి వచ్చేవాళ్ళు. పాదం పడిన చోట ఏదీ మొలవదు. చివరికి పటేలే విసిగి వదిలేశాడు. చిన్నప్పుడు నేనూ ఆ వరుసలో నడిచాను. ఆదివారం షికారు అనుకున్నాను.

నడక అయ్యాక ఇటుకల కుప్ప దగ్గర నిలబడి, ఇప్పుడు ఏం కావాలవ్వా అని అడిగాను. అది అడగాలని ముందు అనుకోలేదు. ఆమె నేరుగా కెమెరాలోకి చూసింది.

“నన్ను గిట్లకెంచే తీస్కపోవాలె. సుట్టు తిప్పి తీస్కపోతే నేను రాను.”

సినిమా కూర్చడం అయ్యాక మర్యాద కొద్దీ పెద్దలకు ముందు చూపించాను. చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు. అయిపోయాక వాళ్ళలో ఒకాయన, నా చిన్నప్పుడు నాకు సండే స్కూల్లో పాఠం చెప్పినవాడు, నెమ్మదిగా చెప్పాడు. పటేలు మాట, మేస్త్రీ మాట తీసెయ్యి బిడ్డా, వాళ్ళ పిల్లలతో మన పిల్లలకు పనులుంటయి, చెరుకు కోసుడు మంచిగనే ఉంది, పాట మంచిగనే ఉంది, గవి ఉంచు అన్నాడు. చెడ్డమనిషి కాదు. భయం ఉన్న మనిషి. నేను తీసేయను అన్నాను. ఆ మాటలు తీసేస్తే మిగిలేది ఫ్లూటే, దానికి పట్నం వాళ్ళు చాలు అన్నాను. చర్చి హాలు ఇవ్వం అన్నారు. హాలు అక్కర్లేదు అన్నాను. మాకు గోడ ఉంది. మంచి తెల్లగోడ, కొత్తగా సున్నం వేసింది, వెంచర్ వాళ్ళే కట్టించి పెట్టారు.

పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ప్రొజెక్టరు, స్పీకర్లు ఆటోలో వేసుకుని పోయాను. పొద్దు గూకగానే లైన్లలోని జనం చాపలు, పీటలు తెచ్చుకుని గోడ ముందు కూర్చున్నారు. గోడ కట్టే మేస్త్రీలు మరాఠీ మాట్లాడుకుంటూ వెనక నిలబడ్డారు. మేనేజరు కూడా షెడ్డులోంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆపుదామనుకున్నాడేమో, అంత జనాన్ని చూసి ఊరుకున్నాడు. వద్దన్న పెద్దాయన కూడా వచ్చాడు, అందరికన్నా చివర్న కూర్చున్నాడు.

గోడ మీద మా అవ్వలు నడిచారు. మనిషికి రెండింతల ఎత్తున, పాత చీరల్లో, చెప్పులు లేని కాళ్ళతో. గోడ సందు దగ్గర ఆగిపోయింది కదా, బొమ్మ కూడా అక్కడ ఆగిపోయి, సందులోంచి వెలుతురు అవతలకు, సమాధుల తోట వైపు పడింది. అది నేను అనుకుని చేసింది కాదు. జనం మాత్రం గమనించారు. మా అవ్వ పుర్రచేతితో గడ్డిపోచలు మెలిపెట్టి ముడి వేసి చూపిన చోట, ముందు వరుసలో కూర్చున్న ముసలవ్వ ఒకామె, “గది దానిదే, నేను ఏడున్నా గుర్తు వడ్త” అంది. నన్ను సుట్టు తిప్పితే రాను అన్నచోట అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి కోపం ముందు రాలేదు.

మరుసటి పొద్దున్నే మా అవ్వ నన్ను తట్టి లేపింది. కెమెరా తీసుకుని రమ్మంది. పోయేసరికి లైన్లలోని ఆడవాళ్ళంతా, ముసలివాళ్ళు, కోడళ్ళు, ఇటుకల కుప్ప దగ్గర ఉన్నారు. బాట మీదినుంచి ఒక్కొక్క ఇటుకా చేతులు మార్చుకుంటూ పక్కకు తీస్తున్నారు. పెద్దాయన కూడా లుంగీ ఎగ్గట్టి వరుసలో నిలబడ్డాడు. ఒక కోడలు విసురుగా నాలుగు ఇటుకలు పొదల్లోకి పారేస్తే మా అవ్వ కసిరింది. ఆ నాలుగూ ఏరుకొచ్చి పెట్టించింది. అన్నీ గోడ పక్కన వరుస మీద వరుస, అంచుకు అంచు కలిపి పేర్చారు. నేను ఈసారి బుద్ధుందా అని అడగలేదు.

అంతలో మేనేజరు మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. వీళ్ళ పిల్లలు ఎక్కడెక్కడ పని చేస్తారో, ఎవరి దయ మీద బతుకుతారో నాకు తెలుసు. మొహాలు పడకుండా వెనకనుంచి తీస్తాను, లేదంటే తర్వాత చెరిపేస్తాను, ఎవరో తెలియదు అని మా అవ్వతో గుసగుసగా అన్నాను.

మేనేజరు దిగాడు. ఖాళీ అయిన బాటను చూశాడు, పేర్చిన ఇటుకలను చూశాడు. ఎవరు తీశారు ఇవి అని అడిగాడు.

మా అవ్వ చేతులకంటిన ఎర్రదుమ్ము కొంగుకు తుడుచుకుంది.

“అప్పుడు ముడులు సూసి గుర్తు వట్టిండ్రు. గిప్పుడు గంత కష్టం ఎందుకు సారూ, మేమే తీసినం,” అని, నా వైపు తిరిగింది. “ముందటికెల్లి తియ్యే. అందరి మొకాలు మంచిగ పడాలె.”